మేడమీద ఉచిత యోగా ఎలా మొదలుపెట్టాలంటే

ముందు పోస్టర్ల సంగతి మర్చిపోండి, ఇంటింటికీ వెళ్లి పిలవండి. కాకినాడలో మా మేడమీద ఉదయం 5:30కి నలుగురితో మొదలుపెట్టాను. మ్యాట్ లేనివాళ్లకు పాత దుప్పటి మడిచి వేస్తే చాలు.

మొదటిరోజే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి బీపీ, మోకాళ్ల నొప్పులు, పాత ఆపరేషన్ల గురించి అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఈ పని అందరిముందు చేయకండి, ఆడవాళ్లు చెప్పరు. బీపీ ఉన్నవాళ్లతో కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ముక్కుతో గబగబా ఊపిరి వదలడం), శీర్షాసనం (తలకిందులుగా నిలబడడం) వద్దు. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు గోడకు ఆనించి కుర్చీ వేయండి. మా ఎదురింటి మామ్మగారు కుర్చీలోనే చేతులు పైకెత్తడంతో మొదలుపెట్టారు. చివర్లో వెల్లకిలా కదలకుండా పడుకునే ఐదు నిమిషాల శవాసనం మాత్రం తగ్గించకండి.

ఎవరైనా డబ్బు ఇవ్వబోతే, "రేపు మేడ మీరు ఊడ్వండి" అని పని అప్పగించండి. రెండు రోజులు రానివాళ్ల తలుపు సాయంత్రం తట్టి, ఒంట్లో ఎలా ఉందో కనుక్కోండి.