మగ గినీ పిగ్‌కు జోడీ కుదరడం లేదా?

సమస్య: ఒంటరిగా ఉన్న మగ పిగ్ మూలకు ముడుచుకుని కూర్చుంటోంది. కొత్తిమీర కట్ట విప్పుతున్నా కేకలు పెట్టడం లేదు.

దిగులే అనుకుని వెంటనే జోడీ తెచ్చేయకండి. ముందు ఒంట్లో ఏమైనా బాగోలేదేమో చూడండి. కిచెన్ స్కేల్ మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. పూటంతా ఏమీ తినకపోతే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, తెల్లారేదాకా ఆగకూడదు. మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, కాబట్టి రోజూ ఒక క్యాప్సికం ముక్క పడాలి. బాగా తింటూ, బరువు తగ్గకుండా, అయినా స్తబ్దుగా ఉంటే అప్పుడు ఒంటరితనం అనుకోవచ్చు. గుంపుగా బతికే జీవి ఇది. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి దీన్ని ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉంది. మనం ఎంత ముద్దు చేసినా దాని భాషలో బదులు పలకలేం. కుందేలు కూడా ఆ లోటు తీర్చలేదు: దాని తన్నుకు గినీ పిగ్ ఎముక విరగొచ్చు, దాని నుంచి ఊపిరితిత్తుల జబ్బూ అంటొచ్చు.

సమస్య: మగదని తెచ్చాం, పొట్ట పెరుగుతోంది.

అది ఆడదై కడుపుతో ఉండొచ్చు, షాపులో ఆడా మగా సరిగా చూసి ఉండరు. మాకూ ఇదే జరగబోయింది. రెండూ మగవే అని షాపతను గట్టిగా చెప్పాడు. అనుమానమొచ్చి, కలపకముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. వెల్లకిలా పట్టుకుని కింద వేలితో మెల్లగా అదిమి చూసి, "ఇది ఆడదండీ" అన్నారు. ఎనిమిది నెలలు దాటాక మొదటిసారి కడుపుతో ఉన్న ఆడదానికి కాన్పు ప్రాణాంతకం కావచ్చు. అప్పటికి కటి ఎముకలు బిగుసుకుపోతాయి. పొట్ట ఇప్పటికే పెరుగుతుంటే ఈరోజే విడదీసి డాక్టర్‌కి చూపించండి.

నిజానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన మగదానికి ఆడ జోడీయే బాగా కుదురుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలు విడిగా ఉంచాలి, అప్పటిదాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఇంత చిన్న జంతువులకు మత్తు ఇచ్చి అలవాటున్న డాక్టర్ దొరకకపోతే మాత్రం ఆ ఆలోచన మానేసి, మగ పిల్లనే వెతకండి.

సమస్య: కలపగానే కొట్లాట.

కొత్తదాన్ని నేరుగా పాతదాని బోనులో పెట్టి ఉంటారు. అది దాని ఇల్లు, ఊరుకోదు. కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, జబ్బేదీ లేదని తేలాక రెంటికీ కొత్తైన చోట కలపండి. నేల మీద దుప్పటి పరిచి, మధ్యలో గడ్డి కుప్పగా పోసి, కొన్ని గంటలు పక్కనే కూర్చోండి.

చాలామంది తొందరపడేది ఇక్కడే. నడుము ఊపుతూ గుర్రుమనడం, తరమడం, పైకెక్కడం, ఇవన్నీ ఎవరు పెద్దో తేల్చుకోవడమే. అప్పుడే విడదీస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. తలెత్తి ఎదురెదురుగా నిలబడి పళ్ళు టకటకలాడిస్తుంటే జాగ్రత్తపడండి. మీదికి దూకినా, రక్తం కనిపించినా వెంటనే విడదీయాలి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, మందపాటి తువ్వాలు వేయండి.

సమస్య: ఇన్నాళ్ళూ కలిసున్నవి ఇప్పుడు పోట్లాడుతున్నాయి.

మూడో నెల నుంచి ఏడాది దాకా మగవాటికి కుర్రతనం. దగ్గర్లో ఆడదాని వాసన తగిలితే ఇంకా ఎక్కువ. చోటు పెంచండి, మగ జంటకు కనీసం పది చదరపు అడుగులు కావాలి. నీళ్ళ సీసా, గిన్నె, గూడు అన్నీ రెండేసి ఉండాలి, గూటికి రెండు దారులుండాలి. ఒకే దారి ఉంటే లోపలున్నది ఇరుక్కుపోతుంది.

ఇవన్నీ చేసినా రక్తం చూస్తే బలవంతపెట్టొద్దు. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కన ఉంచండి. షాపతను మగదని చెప్పిన ఆ ఆడదాని తర్వాత తెచ్చిన చిన్న మగపిల్లతో మా మగ గినీ పిగ్ బంటికి పొసగలేదు, జాలీ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం అయ్యేసరికి అటొకటి ఇటొకటి జాలీకి ఆనుకుని పడుకుంటాయి. కొత్తిమీర కట్ట విప్పితే రెండూ కలిసి కేకలు పెడతాయి.