సుగ్గికి వెళ్లే కుటుంబాల పిల్లలు బడి మానకుండా చూడటం ఎలా?

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు మిరప కోతల కోసం గుంటూరు వైపు వెళ్తాయి. దీన్నే అక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. పెద్దల వెంట పిల్లలూ వెళ్లడంతో చదువు నెలల తరబడి ఆగిపోతుంది. ఆ పిల్లలకు తోడ్పడదలచిన ఉపాధ్యాయులు, యువకులు కుటుంబం మేస్త్రీ (కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మనిషి) దగ్గర అడ్వాన్సు తీసుకోకముందే పని మొదలుపెట్టాలి. లారీ ఎక్కే రోజున చెప్పే మాట ఎవరికీ ఉపయోగపడదు.

మొదట తల్లితో మాట్లాడండి, కానీ చదువు విలువను గురించి ఉపన్యసించకండి, అది ఆమెకు తెలుసు. చంటిబిడ్డను ఎవరు చూసుకుంటారని అడగండి. పదేళ్ల ఆడపిల్లను వెంట తీసుకెళ్లేది చాలాసార్లు కాయలు కోయడానికి కాదు, తల్లి చేలో ఉన్నంతసేపు పసిబిడ్డను ఎత్తుకోవడానికే. ఆ చిక్కు తీరకపోతే ఎన్ని పథకాలున్నా ఆ పిల్ల బడికి రాదు. పసిబిడ్డకు మూడేళ్లు నిండితే వెళ్లే ఊరి అంగన్‌వాడీలో అడగవచ్చు. అంతకన్నా చిన్నదైతే, కలిసి వెళ్లే కూలీల ముఠాలోని ఒక పెద్దామె పిల్లలందరినీ చూసుకునేలా, ఆమెకు రావాల్సిన కూలిని మిగతావారు తలా కొంత వేసుకుని ఇచ్చేలా ముందే ఒప్పించడం మేలు.

అవ్వాతాతలు ఊళ్లోనే ఉంటే పిల్లలను వారి దగ్గర ఉంచవచ్చు. లేకపోతే ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద, పెద్దలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండి చదువుకునేందుకు నడిచే సీజనల్ హాస్టల్ కోసం, వలస వెళ్లే కుటుంబాల పిల్లల పేర్లు, తరగతులతో జాబితా రాసి, ప్రధానోపాధ్యాయుని ద్వారా మండల విద్యాశాఖాధికారికి ముందుగానే ఇవ్వండి. ఆరో తరగతి, ఆపై చదివే ఆడపిల్లలకు ఆడపిల్లల ప్రభుత్వ వసతి బడి అయిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు ఉందేమో కూడా కనుక్కోండి.

పిల్లలు వెంట వెళ్లక తప్పకపోతే, దిగిన ఊళ్లోని ప్రభుత్వ బడిలో చేర్పించాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ (సెక్షన్ 5), వయసు ధ్రువపత్రం లేదని గానీ (సెక్షన్ 14), విద్యా సంవత్సరం మధ్యలో వచ్చారని గానీ (సెక్షన్ 15) చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. ఈ సెక్షన్లను ఒక కాగితంపై రాసి తండ్రి చేతికివ్వండి, ఎందుకంటే కొత్త ఊళ్లో కూలీగా నిలబడ్డ మనిషి మాటకు దక్కని మర్యాద ఆ కాగితానికి దక్కుతుంది. పిల్లలను చేలల్లో పనికి పెట్టుకున్నట్టు కనబడితే 1098కి ఫోన్ చేయవచ్చు.

తిరిగొచ్చాక వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టంలోని సెక్షన్ 4 చెబుతోంది. అందుకే కుటుంబం వెళ్లేటప్పుడే మేస్త్రీ ఫోన్ నంబరు, చేరే ఊరి పేరు, తిరిగొచ్చే నెల బడి రిజిస్టరులో రాయించండి.