లిఫ్ట్ చేసిన పాత ట్రక్కుకి స్టీరింగ్ ఎలా సరిచేసుకోవాలి

పాత ఆఫ్‌రోడ్ ట్రక్కుకి లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) వేయగానే చాలామంది నేరుగా అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తారు. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండికి అక్కడ మామూలుగా సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్న కొలత) ఒక్కటే, అది సరిచేసి పంపిస్తారు. స్పీడు పెరిగితే బండి మాత్రం అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది. అసలు పని అంతకంటే ముందే బండి కింద చేసుకోవాలి, అదీ వరసలో. నేను చెప్పేది ముందు రేడియస్ ఆర్మ్స్ (యాక్సిల్‌ని వెనక ఛాసిస్‌కి పట్టి ఉంచే పొడవాటి చేతులు), పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకి జరగకుండా ఆపే అడ్డు రాడ్), కాయిల్ స్ప్రింగులు ఉన్న టయోటా ల్యాండ్ క్రూజర్ 80, నిస్సాన్ పాట్రోల్ వై60 లాంటి బళ్ల గురించి.

ముందు క్యాస్టర్ చూడండి, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి ఎంత వాలి ఉందన్న కోణం. బండి లేచేకొద్దీ రేడియస్ ఆర్మ్స్ ముందువైపు వాలిపోయి యాక్సిల్ పైభాగం ముందుకి తిరుగుతుంది, దాంతో క్యాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే అది తనంతట తాను మధ్యకి రావట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. 50 మిల్లీమీటర్ల వరకు లిఫ్ట్ అయితే సాధారణంగా ఆర్మ్స్‌లో ఆఫ్‌సెట్ బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు) సరిపోతాయి, అంతకుమించితే ఆర్మ్ బిగించే చోటుని మార్చే కరెక్షన్ ప్లేట్లో డ్రాప్ బ్రాకెట్లో చూసుకోవాలి. ఆఫ్‌సెట్ బుష్‌లో రంధ్రం మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. తిరగేసి నొక్కారంటే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది, అందుకే ప్రెస్‌లో పెట్టే ముందే ఆర్మ్ మీద, బుష్ మీద పెయింట్‌తో గీత గీసుకోండి. ఇంకో సంగతి, క్యాస్టర్ కోసం యాక్సిల్‌ని వెనక్కి తిప్పితే డిఫరెన్షియల్ పినియన్ (ముందు షాఫ్ట్ వచ్చి కలిసే గేర్) కిందికి చూస్తుంది, ఆ షాఫ్ట్ జాయింట్ల మీద కోణం పెరుగుతుంది. కాబట్టి కంపెనీ చెప్పిన లెక్కకి తెచ్చుకుంటే చాలు, ఎక్కువ ఉంటే మంచిదని తిప్పేయొద్దు.

తర్వాత పాన్‌హార్డ్ రాడ్. బండి లేస్తే రాడ్ ఏటవాలు పెరిగి, ఛాసిస్‌కి బిగించిన వైపుకి యాక్సిల్‌ని లాగేస్తుంది. దారానికి బరువు కట్టి రెండు వైపులా ఛాసిస్ మీద ఒకే చోట నుంచి వేలాడదీసి, టైరు దాకా ఎంత దూరం ఉందో కొలవండి. వచ్చిన తేడాలో సగమే యాక్సిల్ జరిగింది. అడ్జస్టబుల్ రాడ్ వేసి ఆ మేరకు పొడవు పెంచితే మధ్యకి వస్తుంది. అయితే ఈ రాడ్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపుకి వెళ్లే రాడ్) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, రెంటి పొడవు కూడా దగ్గరగా ఉండాలి. ఒకదాని బ్రాకెట్ మాత్రమే కిందికి దించి రెండోదాన్ని వదిలేస్తే గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ చేతిలో కదులుతుంది, దాన్నే బంప్ స్టీర్ అంటారు. గట్టి స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే షాక్) వేస్తే ఆ కదలిక తెలియకుండా పోతుందంతే, కోణం అలాగే ఉంటుంది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి.

ఇప్పుడు డ్రాగ్ లింక్ పొడవు మార్చి స్టీరింగ్ వీల్‌ని మధ్యకి తెచ్చుకోండి, చివర్లో టో పెట్టించండి.

రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా ఫైనల్‌గా బిగించొద్దు. చక్రాలు నేల మీద, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడే టార్క్ రెంచ్‌తో బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

బ్రేకులు కూడా చూడండి. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ గొట్టాలు లాగుడు పడకూడదు. వెనక లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉన్న బండిలో దాని రాడ్ కూడా సరిచేయాలి. బండి లేచిందంటే బరువు లేదనుకుని వెనక బ్రేక్ ప్రెషర్ తగ్గించేస్తుంది ఆ వాల్వ్.