గాగుల్స్ తీయొద్దు, హిట్ దాచొద్దు: వేసవి ఎయిర్‌సాఫ్ట్‌కు ముందు జాగ్రత్తలు

పరీక్షలు అయిపోయాయి. తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల ఇక శని, ఆదివారాలు ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ గన్‌లతో ప్లాస్టిక్ గుళ్లు కాల్చుకునే జట్టు ఆట), పెయింట్‌బాల్ (అదే ఆట, రంగు గుళ్లతో) ఆడటానికి కాలేజీ పిల్లలు గుంపులుగా వస్తారు. వాళ్లలో చాలామందికి అదే మొదటి ఆట. ఈల పట్టుకుని మార్షల్‌గా, అంటే రిఫరీగా నిలబడే నాకు ఏడాది మొత్తంలో ఈ రోజుల్లోనే టెన్షన్ ఎక్కువ. నేను చూసినంతలో ప్రమాదం రెండు చోట్ల మొదలవుతుంది. ఒకటి గాగుల్స్ ఎత్తినప్పుడు, రెండోది గుండు తగిలినా హిట్ అని ఒప్పుకోనప్పుడు. రెండోదాన్ని అందరూ మర్యాదకు సంబంధించిన విషయం అనుకుంటారు. నా లెక్కలో అదీ భద్రతే.

ముందు కళ్ల సంగతి. ఎయిర్‌సాఫ్ట్ గుండు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస, మామూలుగా 0.20 గ్రాముల బరువు. చొక్కా మీద తగిలితే చురుక్కుమంటుంది, అంతే. కంటికి తగిలితే మాత్రం లోపల రక్తం చేరొచ్చు, కటకం జరగొచ్చు, రెటీనా చిరగొచ్చు. అప్పటికి నయమైనట్టు కనిపించినా ఏళ్ల తర్వాత గ్లాకోమా రావచ్చు. కాబట్టి పవర్ గ్లాసులు, కూలింగ్ గ్లాసులు, బైక్ హెల్మెట్ అద్దం ఇక్కడ పనికిరావు. కొనేటప్పుడు ఫ్రేమ్ మీదా, అద్దం మీదా ముద్ర చూడండి. ఈఎన్ 166 అనే యూరప్ కళ్లద్దాల భద్రతా ప్రమాణంలో ‘ఎఫ్’ గుర్తు ఉంటే, 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో తగిలినా అద్దం తట్టుకుందని అర్థం. అంటే ఒక జౌల్ కంటే తక్కువ శక్తి. మన గన్‌లు చాలావరకు ఒక జౌల్ దాటుతాయి, అందుకే ‘ఎఫ్’ చాలదు. సెకనుకు 120 మీటర్ల వేగాన్ని తట్టుకునే ‘బి’ గుర్తు ఉన్నదే తీసుకోండి. పెయింట్‌బాల్ మాస్క్ ఇంకా మంచిది, పళ్లు కూడా దక్కుతాయి. జాలీ గాగుల్స్‌కు ఆవిరి పట్టదని కొందరు వాటినే కోరుకుంటారు. కానీ గుండు పగిలితే ముక్కలు జాలీలోంచి లోపలికి రాగలవు. మా దగ్గర వాటికి ఒప్పుకోం.

మంచి గాగుల్స్ ఉన్నా మన ఎండల్లో వచ్చే చిక్కు ఆవిరి. పది నిమిషాలు పరిగెత్తితే చెమటకు అద్దం తెల్లగా మసకబారుతుంది. కుర్రాడు చాటు కోసం పెట్టిన డ్రమ్ము వెనక కూర్చుంటాడు. ఎవరూ చూడట్లేదు కదా అని బొటనవేలితో గాగుల్స్‌ను నుదుటి మీదికి నెట్టి, టీషర్టు అంచుతో అద్దం తుడవడం మొదలుపెడతాడు. నాకు భయం పుట్టేది సరిగ్గా ఆ నాలుగైదు సెకన్లకే. అద్దం మసకబారితే చేయవలసింది ఒకటే. ఉన్నచోటే కూర్చుని, చెయ్యి పైకెత్తి, ‘మార్షల్’ అని గట్టిగా అరవండి. ఆట ఆపి, నేనే వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తాను. అలా అరిచినవాణ్ని ఎవరైనా ఎగతాళి చేస్తే వాడికి ఆ రోజు ఆట ఉండదు. ముందుజాగ్రత్తగా ఇంట్లోనే అద్దం లోపలివైపు యాంటీ ఫాగ్ రాసుకోండి. చెమటకు కర్చీఫ్ కట్టుకుంటే అది గాగుల్స్ అంచు కిందికి జారకుండా చూసుకోండి. అంచు లేస్తే సందు పడుతుంది. వల బయట నిలబడి వీడియో తీసే స్నేహితులకూ, అమ్మానాన్నలకూ ఇదే రూలు: ఫీల్డ్ కనిపించే చోట ఉంటే గాగుల్స్ ఉండాల్సిందే.

ఇక గన్ శక్తి. 0.20 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే సరిగ్గా ఒక జౌల్. చాలా ఫీల్డ్‌లలో ఆ గుండుకు సెకనుకు 350 అడుగుల దగ్గర గీత గీస్తారు, అంటే సుమారు 1.14 జౌల్స్. ‘ఇంకో 50 అడుగులు పెరిగితే ఏమవుతుందన్నా’ అని అడుగుతారు. 400 అడుగులంటే దాదాపు 1.5 జౌల్స్. వేగం కొంచెమే పెరిగినట్టు అనిపించినా దెబ్బ బలం దాదాపు 30 శాతం పెరుగుతుంది. అందుకే ప్రతి గన్‌నూ, ఆటలో వాడబోయే గుళ్లతోనే, క్రోనో (గుండు వేగం కొలిచే పరికరం) ముందు పెట్టి చూడాలి. గ్యాస్ గన్ ఉన్నవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ గ్యాస్ ఎక్కువగా ప్రొపేన్, ఎండకు దాని ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున ఆరింటికి పాసైన గన్ తొమ్మిదింటికి గీత దాటొచ్చు. మళ్లీ క్రోనోకు రమ్మంటే విసుక్కోకండి. గ్యాస్ మ్యాగజైన్‌లు (గన్‌కు తగిలించే గుళ్ల పెట్టెలు), లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఎండలో నిలిపిన కారులో వదలొద్దు.

హిట్ దగ్గరికి వద్దాం. పెయింట్‌బాల్‌లో రంగు అంటుకుంటుంది కాబట్టి వాదన తక్కువ. ఎయిర్‌సాఫ్ట్ గుండు ఏ గుర్తూ వదలదు. తగిలిందని తెలిసేది తగిలినవాడికే, ఒప్పుకోవలసిందీ వాడే. మొత్తం ఆట ఆ ఒక్కమాట మీద నిలబడి ఉంది. వదులు చొక్కాకో బ్యాగుకో తగిలితే నిజంగానే తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. కానీ టప్ మని చప్పుడు వినిపించి, తగిలిందో లేదో అనుమానంగా ఉంటే తగిలినట్టే లెక్క. చెయ్యి పైకెత్తి ‘హిట్’ అని అరిచి, ఎర్ర గుడ్డ తలమీద వేసుకుని బయటికి నడవండి. నడుస్తూ ‘వాడు డ్రమ్ము వెనక ఉన్నాడ్రా’ అని మీవాళ్లకు చెప్పొద్దు.

హిట్ దాస్తే జరిగేది ఇది. కాల్చినవాడికి అది తగిలిందని తెలుసు. ఎదుటివాడు కదలడు. ఈసారి కాల్చినవాడు ఒకటికి ఐదు గుళ్లు వదులుతాడు. అప్పటికీ ఒప్పుకోకపోతే దగ్గరికొచ్చి, కాస్త పైకి, మొహానికి గురిపెడతాడు. మరుసటి వారం ఎక్కువ శక్తి ఉన్న స్ప్రింగ్ వేయించుకుని వస్తాడు. ఒక్క అబద్ధంతో ఫీల్డ్ మొత్తం ప్రమాదకరంగా మారడం నా కళ్లముందే జరిగింది. అందుకని ఎదుటివాడు ఒప్పుకోలేదనిపిస్తే మీరు వాదించొద్దు, ‘తగిలిందిరా’ అని అరవొద్దు, మళ్లీ మళ్లీ కాల్చొద్దు. నాకు చెప్పండి. నేను పక్కన నిలబడి చూస్తాను. గన్‌కు తగిలితే లెక్కా, రాతికి తగిలి ఎగిరొస్తే లెక్కా అన్నవి ఫీల్డ్‌ను బట్టి మారతాయి, బ్రీఫింగ్‌లోనే అడిగి తేల్చుకోండి. సొంత జట్టువాడు కాల్చినా హిట్ హిట్టే.

తల బయటపెట్టకుండా గోడ మీదుగా గన్ ఒక్కటే చాపి కాల్చడం ఎక్కడా ఒప్పుకోరు, ఎందుకంటే అవతల ఎవరున్నారో మీకు కనిపించదు. ఐదారు అడుగుల దూరంలో ఎదురుపడితే కాల్చకుండా ‘సరెండర్’ అనండి, అవతలివాడు నవ్వుతూ ఒప్పుకోవాలి. సేఫ్ జోన్‌లోకి (కాల్చకూడని విశ్రాంతి చోటు) వచ్చేముందు మొదట మ్యాగజైన్ తీయాలి, తర్వాత నేల వైపు ఒకటి రెండు సార్లు కాల్చాలి, చివర సేఫ్టీ వేసి బ్యారెల్ ముందు గుడ్డ తొడగాలి. ఈ వరస తప్పితే లాభం లేదు. మ్యాగజైన్ తీసినా ఒక గుండు లోపలే ఉండిపోతుంది.

ఎండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించండి, మజ్జిగ తెచ్చుకోండి. ఎవరైనా తికమకగా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. చిత్తూరు వైపు మామిడి తోటల్లో ఆడేవాళ్లు తోతాపురి కోత మొదలయ్యాక ఆ తోటలు వదిలేయండి. చెట్టెక్కిన కూలీ మీకు కనిపించడు.

కంటికి దెబ్బ తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, నీళ్లు కొట్టొద్దు. పేపర్ కప్పును కంటికి ఆనకుండా బోర్లించి టేపు వేసి, తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి ఏమీ ఇవ్వొద్దు. చూపు బాగానే ఉందని చెప్పినా ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించాలి.

ఆఖరుగా మన ఊరికే ప్రత్యేకమైన మాట. శేషాచలం అంచున ఫీల్డ్ దాటి అడవిలోకి ఒక్క అడుగు కూడా వేయొద్దు. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ అక్కడ తిరుగుతూ ఉంటుంది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. మిలిటరీ తరహా మచ్చల బట్టలు, చేతిలో తుపాకీ ఆకారం ఉంటే దూరం నుంచి మీరు ఆటగాళ్లని ఎవరికీ తెలియదు. కొత్తచోట ఆడే ముందు స్థానిక పోలీసు స్టేషన్‌లో చెప్పండి. గన్ కొన ఆరెంజ్ రంగులో ఉంటే దానికి నల్లరంగు వేయొద్దు. బైక్ మీద గన్ బయటికి కనిపించేలా పెట్టుకుని వెళ్లొద్దు, జిప్ ఉన్న బ్యాగులో పెట్టాలి, మ్యాగజైన్‌లు వేరే బ్యాగులో ఉండాలి. 2003 అక్టోబర్ 1న ముఖ్యమంత్రి వాహనశ్రేణి మీద మందుపాతర పేలింది అలిపిరిలోనే. అక్కడి తనిఖీలో ఇలాంటి బ్యాగు బయటపడితే ‘బొమ్మ సార్’ అంటే వినరు. ఆట అయ్యాక దర్శనానికి వెళ్లాలనుకుంటే ముందు బ్యాగు ఇంట్లో పెట్టి, బట్టలు మార్చుకుని వెళ్లండి.