జర్మనీకి కొత్తగా వచ్చిన విద్యార్థులకు సూచనలు: గదిలో నెట్ కుదిరేవరకు ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్

జర్మనీలో విద్యార్థి వసతి గృహంలో గది దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో, దొరికిన గదిలో వైఫై కూడా ఉంటుందని ముందే అనుకోవడం సరికాదు. చాలా వసతి గృహాల్లో, ముఖ్యంగా పాత భవనాల్లో, చదువుకునే బల్ల దగ్గర గోడకు ఒక లాన్ సాకెట్, అంటే నెట్ కేబుల్ గుచ్చే సాకెట్, మాత్రమే ఉంటుంది. నెట్ అందులోనే వస్తుంది, వేగం కూడా బాగానే ఉంటుంది, కానీ ఫోన్‌కు ఆ సాకెట్ ఎందుకూ పనికిరాదు. పోనీ సిమ్ కార్డుతో సరిపెట్టుకుందామంటే, ఇక్కడ 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా గుర్తింపు పరిశీలన తప్పనిసరి చేశారు. అది చాలాసార్లు వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపించి పూర్తి చేయవలసిన పని, దానికి ముందుగా నెట్ ఉండాలి. వసతి గృహం కాకుండా నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న ఇల్లయితే, కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టిన తరువాత టెక్నీషియన్ వచ్చి లైను ఇచ్చేసరికి కొన్ని వారాలు పట్టడం మామూలే. ఈ మధ్యకాలాన్ని గట్టెక్కించేది మీరు ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్. దాన్ని హాట్‌స్పాట్‌గా మార్చుకుంటే మీ ఫోన్‌కూ, పక్క గదిలో కొత్తగా దిగిన వారికీ నెట్ అందుతుంది. అయితే సరిగా అమర్చుకోవడం ఎంత ముఖ్యమో, ఆ నెట్ ఎవరి పేరు మీద ఉందో తెలుసుకుని పంచుకోవడం అంతకంటే ముఖ్యం.

ఇంకా బయలుదేరని వారికి ముందుగా ఒక మాట. ఇప్పుడు వస్తున్న పలుచని ల్యాప్‌టాప్‌లలో లాన్ పోర్టు ఉండడం లేదు. యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే చిన్న అడాప్టర్ ఒకటి, రెండు మూడు మీటర్ల లాన్ కేబుల్ ఒకటి పెట్టెలో వేసుకోండి. బరువు లేని వస్తువులే, కానీ ఆదివారం నాడు దిగితే ఇక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి కనుక కరెంటుతో చిక్కు లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఇక్కడి సాకెట్‌లో పట్టదు, దానికి మార్పిడి ప్లగ్గు కావాలి. హాట్‌స్పాట్ నడిచినంతసేపూ ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లోనే ఉండవలసి వస్తుంది కాబట్టి ఆ ప్లగ్గు వదులుగా లేకుండా చూసి కొనండి.

గదికి చేరిన తరువాత కేబుల్ గుచ్చగానే నెట్ వచ్చేస్తే సంతోషమే. కొన్ని వసతి గృహాల్లో మాత్రం లాగిన్ పేజీ వస్తుంది, మరికొన్నింటిలో మీ పరికరం మ్యాక్ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్యను, ముందుగా నమోదు చేయించుకోవాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ల్యాప్‌టాప్ వైఫైకి ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది, మీరు తగిలించిన అడాప్టర్‌కు వేరొకటి ఉంటుంది. గోడ సాకెట్‌కు కనిపించేది అడాప్టర్ అడ్రస్ కనుక దాన్నే రాసివ్వాలి. వైఫై అడ్రస్ ఇచ్చి, కేబుల్ గుచ్చినా నెట్ రావడం లేదని రోజుల తరబడి ఎదురుచూసే వారున్నారు.

ల్యాప్‌టాప్‌లో నెట్ వచ్చాక హాట్‌స్పాట్ పెట్టడం పెద్ద పనేమీ కాదు. విండోస్ 10, 11 రెండింటిలోనూ సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ అనే భాగంలోకి వెళితే మొబైల్ హాట్‌స్పాట్ అనే పేజీ కనిపిస్తుంది. నెట్ ఎక్కడి నుంచి తీసుకోవాలి అన్నచోట ఈథర్నెట్‌ను (అంటే కేబుల్ నెట్‌ను), దేని ద్వారా పంచాలి అన్నచోట వైఫైని ఎంచుకోండి. కేబుల్‌తో నెట్ వస్తోంది కదా అని ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి ఉంచితే హాట్‌స్పాట్ మొదలు కాదు, ఎందుకంటే పంచే పని చేసేది ఆ వైఫై భాగమే. అదే పేజీలో పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. పాస్‌వర్డ్‌లో కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. నెట్‌వర్క్‌కు మీ పేరో, గది నంబరో పెట్టకండి, అది వసతి గృహంలో ఉన్న వారందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఒకేసారి ఎనిమిది పరికరాల వరకు కలుపుకోవచ్చు. రోజువారీ వాడకానికి అది సరిపోతుంది.

అక్కడే బ్యాండ్ అనే మరో అమరిక ఉంటుంది, దాన్ని చాలామంది చూడకుండా వదిలేస్తారు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ గోడ దాటేసరికి బలహీనపడుతుంది. పైగా చవక ప్రింటర్లు, పాత ఫోన్లు, కొన్ని టీవీ స్టిక్‌లు దాన్ని అసలు గుర్తించవు. మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పేరు కనిపిస్తూ రూమ్మేట్ పాత ఫోన్‌లో కనిపించకపోతే, ఆ ఫోన్‌ను తప్పుపట్టే ముందు బ్యాండ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. పక్క గది దాకా నెట్ అందాలన్నా 2.4 మేలు.

ఇక అందరినీ విసిగించే సమస్య, హాట్‌స్పాట్ తనంతట తాను ఆగిపోవడం. దీనికి సాధారణంగా రెండు కారణాలు. హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, ఏ పరికరమూ కలిసి లేనప్పుడు కొన్ని నిమిషాలకు హాట్‌స్పాట్ మూతపడుతుంది. మీరంతా తరగతులకు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చేసరికి నెట్ లేకపోవడానికి కారణం ఇదే, దాన్ని ఆపేయండి. రెండవది ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లడం. పవర్ సెట్టింగ్స్‌లో, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు స్లీప్ ఎప్పటికీ వద్దని పెట్టుకోండి, మూత మూసినప్పుడు ఏమీ చేయవద్దని కూడా పెట్టుకోండి. అయితే మూత మూసి గంటల తరబడి నడిపే ల్యాప్‌టాప్‌ను దుప్పటి మీద, పరుపు మీద ఉంచకూడదు. అడుగు భాగానికి గాలి తగిలేలా బల్ల మీదే ఉంచండి. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే అది ఆన్ చేయడం మంచిది. నిరంతరం పూర్తి ఛార్జీలో, వేడిలో ఉండే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, ఇక్కడ దాన్ని మార్పించడానికి అయ్యే ఖర్చు విద్యార్థి భరించేది కాదు.

ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసినా నెట్ రాకపోతే, లోపం ఎక్కడుందో తెలుసుకునే సులువైన మార్గం ఒకటి ఉంది. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్ ఆ ఫోన్‌కు ఇచ్చిన అంకెల చిరునామా, చూడండి. విండోస్ హాట్‌స్పాట్ ఇచ్చే అడ్రస్ 192.168.137 అనే అంకెలతో మొదలవుతుంది. ఆ అంకెలు కనిపిస్తే ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య అంతా సవ్యంగానే ఉందని అర్థం, వెతకవలసింది గోడ సాకెట్ వైపు. అంటే కేబుల్ వదులైందా, లాగిన్ గడువు ముగిసిందా అని చూడాలి.

ఆపిల్ వారి మ్యాక్ ల్యాప్‌టాప్ వాడేవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, ఆ తరువాత షేరింగ్, అందులో ఇంటర్నెట్ షేరింగ్ అనే వరుసలో వెళ్లాలి. కేబుల్ నుంచి వైఫైకి పంచడం అందులో బాగా కుదురుతుంది, కానీ వైఫైలో వచ్చే నెట్‌ను తిరిగి అదే వైఫైలో పంచడం కుదరదు. విండోస్‌లో అది సాధ్యమే. ఒకే రేడియో అటు తీసుకోవడం, ఇటు ఇవ్వడం రెండూ చేయవలసి రావడం వల్ల వేగం మాత్రం సగానికి సగం పడిపోవచ్చు. ఫోన్‌ను యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు కలిపి సిమ్ డేటాను నలుగురికి పంచేవారు విండోస్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను మీటర్డ్ (డేటాకు పరిమితి ఉన్నది) అని గుర్తుపెట్టడం మరవకండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ ఒక్కటే మీ నెల డేటాను మింగేయగలదు, ఇక్కడి డేటా ధరలు మన ఊరి ధరల్లా ఉండవు.

ఇప్పుడు అసలు విషయం. మన వాళ్లకు నెట్ పంచుకోవడం కూర పంచుకున్నంత సహజం. పక్క గదిలో దిగిన అమ్మాయి ఇంటికి ఫోన్ చేయాలంటే పాస్‌వర్డ్ చెప్పకుండా ఎవరుంటారు? ఆ గుణం పోగొట్టుకోమని నేను చెప్పడం లేదు. కానీ జర్మనీలో ప్రతి కనెక్షన్‌కూ ఒక యజమాని ఉంటారు, దాని గుండా జరిగిన ప్రతి పనికీ మొదటి ప్రశ్న ఆ యజమానికే వస్తుంది. వసతి గృహం సాకెట్ మీ గది పేరు మీద నమోదై ఉంటుంది. అద్దె ఇంట్లో కనెక్షన్ సంతకం చేసిన ఒక్కరి పేరు మీదే ఉంటుంది, నలుగురూ డబ్బు కడుతున్నా సరే. కనుక హాట్‌స్పాట్ పెట్టే ముందు మీ వసతి గృహం నెట్‌వర్క్ నియమాలను చదవండి. కొన్నిచోట్ల సొంత పరికరాలకు పంచుకోవడానికి అభ్యంతరం ఉండదు, ఇతరులకు ఇవ్వడాన్ని ఒప్పుకోరు. కొన్నిచోట్ల రెండూ నిషేధమే. నియమాలు జర్మన్‌లో ఉంటే అనువాద యాప్‌లో పెట్టి అయినా చదవండి, అర్థం కాకపోతే వసతి గృహంలో నెట్ పనులు చూసే విద్యార్థులను అడగండి.

విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విశ్వవిద్యాలయాల వైఫై అయిన ఎడ్యురోమ్‌లోకి ప్రతి విద్యార్థీ తన సొంత యూజర్‌నేమ్‌తోనే ప్రవేశిస్తారు. మీ ల్యాప్‌టాప్‌తో ఎడ్యురోమ్‌కు కలిసి, దాన్ని హాట్‌స్పాట్‌గా మార్చి ఇంకొకరికి ఇస్తే, వారు చేసినదంతా మీ ఖాతా కింద నమోదవుతుంది. విశ్వవిద్యాలయ ఖాతా అంటే నెట్ ఒక్కటే కాదు, పరీక్షల నమోదు, మార్కులు, ఈమెయిలు చాలాచోట్ల దానితోనే ముడిపడి ఉంటాయి. ఖాతా నిలిపివేస్తే వాటన్నిటికీ చిక్కే. కాబట్టి కొత్తగా వచ్చిన స్నేహితునికి ఎడ్యురోమ్ పాస్‌వర్డ్ చెప్పవద్దు, క్యాంపస్‌లో హాట్‌స్పాట్ కూడా పెట్టవద్దు. ప్రవేశం పూర్తయిన ప్రతి ఒక్కరికీ తమ ఖాతా వస్తుంది, అది త్వరగా తెరిపించడంలో సాయం చేయండి.

దీనికంటే ఖరీదైన తప్పు టొరెంట్. కొత్త తెలుగు సినిమా విడుదలైన వారంలో ఎవరో ఒకరు దాన్ని దించుకోవాలని చూస్తారు. టొరెంట్‌లో ఫైలు మీకు వస్తున్నంతసేపూ మీ నుంచి ఇతరులకు కూడా వెళుతూ ఉంటుంది, మీ ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తుంది. హక్కుదారుల తరఫున పనిచేసేవారు ఆ అడ్రస్‌లను సేకరించి, కోర్టు ద్వారా కనెక్షన్ యజమాని పేరు రాబట్టి, న్యాయవాది కార్యాలయం నుంచి ఉత్తరం పంపుతారు. దాన్ని ఇక్కడ ఆబ్‌మానుంగ్ అంటారు. అందులో అడిగే మొత్తం సాధారణంగా కొన్ని వందల యూరోలు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. ఉచిత సినిమాలు చూపించే కొన్ని యాప్‌లు కూడా లోపల టొరెంట్ పద్ధతిలోనే నడుస్తాయి, చూస్తున్నవారికి తాము పంచుతున్నట్టు తెలియదు. మీ హాట్‌స్పాట్‌లో ఇంకొకరు ఆ పని చేసినా ఉత్తరం మీకే వస్తుంది. ఇంట్లో వైఫైకి తగిన పాస్‌వర్డ్ లేకుండా వదిలేయడం యజమాని నిర్లక్ష్యమేనని జర్మనీ ఫెడరల్ అత్యున్నత న్యాయస్థానం 2010లోనే తీర్పు చెప్పింది. 2017లో చట్టం మార్చి వైఫై అందించేవారి బాధ్యతను కొంత తగ్గించినా, ఉత్తరానికి జవాబు చెప్పుకునే శ్రమ మాత్రం ముందుగా యజమానిదే. అందుకే హాట్‌స్పాట్ ఇచ్చేటప్పుడే ఇందులో టొరెంట్ వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. వినరని అనిపించిన వారికి ఇవ్వకండి.

అయినా ఉత్తరం వస్తే, భయపడి వెంటనే డబ్బు కట్టకండి, జతచేసిన కాగితం మీద సంతకమూ చేయకండి, అలాగని చించి పారేయనూ వద్దు. అందులో ఇచ్చిన గడువు తక్కువగా ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆస్టా అనే విద్యార్థి సంఘం ఉచితంగా న్యాయ సలహా ఏర్పాటు చేస్తుంది. ఉత్తరం పట్టుకుని అదే వారంలో అక్కడికి వెళ్లండి.

హాట్‌స్పాట్‌ను ఎంతమందికి ఇచ్చారో మీకు తెలిసి ఉండాలి. పేజీ అడుగున కలిసి ఉన్న పరికరాల పేర్లు కనిపిస్తాయి, అప్పుడప్పుడు చూడండి, తెలియని పేరు ఉంటే పాస్‌వర్డ్ మార్చేయండి. గది ఖాళీ చేసి వెళ్లినవారు ఉన్నా అంతే. మరొక వాస్తవం కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ సాయంత్రం 4:00 అయితే ఇంటి దగ్గర వేసవిలో 7:30, చలికాలంలో 8:30 అవుతుంది. ఆదివారం ఆ వేళకు అందరూ ఒకేసారి అమ్మానాన్నలకు వీడియో కాల్ చేస్తారు, ఒక్క ల్యాప్‌టాప్ మీద ఆ భారం ఎక్కువే. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే అనుకుంటే ఎవరి మాటా మధ్యలో తెగదు.

ఈ ఏర్పాటు మొదటి కొన్ని వారాలకే. 20 వాట్లు తీసుకునే ల్యాప్‌టాప్‌ను రాత్రింబవళ్లు నడిపితే నెలకు 14 యూనిట్ల పైగా ఖర్చవుతుంది, యూనిట్‌కు 35 సెంట్ల చొప్పున వేసుకున్నా దాదాపు 5 యూరోలు. చిన్న రౌటర్‌కు అందులో సగం కరెంటు కూడా పట్టదు, మీ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని లైబ్రరీకి వెళ్లడానికి కూడా వీలవుతుంది. వసతి గృహంలో రౌటర్‌కు అనుమతి ఉంటే కొనుక్కోండి, పాతది తీసుకున్నా చాలు. గోడ నుంచి వచ్చే కేబుల్‌ను మాత్రం రౌటర్ వెనుక వాన్ (WAN) అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. పొరపాటున లాన్ పోర్టులో పెడితే మీ రౌటర్ అంతస్తు మొత్తానికి తప్పుడు అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టి, అందరి నెట్‌నూ ఆపేయవచ్చు. హాట్‌స్పాట్‌కు పెట్టిన పేరు, పాస్‌వర్డ్‌లనే రౌటర్‌కూ పెడితే, ఇంతకాలం కలిసి ఉన్న ఫోన్లు చాలావరకు మళ్లీ ఏమీ అడగకుండా దానికి వాటంతట అవే కలుస్తాయి. ఆ తరువాత ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ ఆపేయడం మరవకండి, ఒకే పేరుతో రెండు నెట్‌వర్క్‌లు ఉంటే ఏ ఫోన్ దేనికి కలిసిందో తెలియక మళ్లీ తికమక మొదలవుతుంది.