కాల్చిన మందుగుండు నుంచి వెలువడే విషాల లెక్క ఎలా కట్టాలి, ఎలా రిపోర్ట్ చేయాలి?

అమెరికా సైన్యం ఏళ్ల తరబడి వాడిన ఎం855 అనే 5.56 ఎంఎం రైఫిల్ రౌండ్‌ని తీసుకుందాం. దాని బుల్లెట్ బరువు 62 గ్రెయిన్లు, అందులో సీసం దాదాపు 32 గ్రెయిన్లు. పౌండుకి 7,000 గ్రెయిన్లు కాబట్టి, ఇలాంటివి 22 వేల రౌండ్లు కాలిస్తే ఇంచుమించు వంద పౌండ్ల సీసం మట్టిలోకి పోయినట్టే. అక్కడి చట్టం ప్రకారం ఒక క్యాలెండర్ సంవత్సరంలో సీసం వంద పౌండ్లు దాటిందంటే రిపోర్ట్ ఇవ్వాలి. కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చే బేస్‌లో 22 వేల రౌండ్లు పెద్ద సంఖ్యేమీ కాదు.

ఈ రిపోర్టింగ్ పేరు టాక్సిక్స్ రిలీజ్ ఇన్వెంటరీ, పొట్టిగా టీఆర్‌ఐ. దీని వెనుక మన భోపాల్ ఉంది. 1984 డిసెంబరులో అక్కడ జరిగిన ఘోరం, ఆ మరుసటి ఏడాది వెస్ట్ వర్జీనియాలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో జరిగిన గ్యాస్ లీక్ చూశాక, చుట్టుపక్కల జనానికి ఏ విషం ఎంత వెలువడుతోందో తెలియాల్సిందేనని 1986లో అక్కడ ఎప్‌క్రా అనే చట్టం తెచ్చారు. మొదట్లో ఇది ప్రైవేటు ఫ్యాక్టరీలకే. 1993 ఆగస్టులో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వుతో సైనిక స్థావరాల లాంటి ఫెడరల్ సంస్థలు కూడా దీని కిందకి వచ్చాయి. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివి కన్సల్టింగ్ కంపెనీల్లో చేరిన మనవాళ్ల చేతికి ఇలాంటి పని వస్తే, దాన్ని ఏదో ఫారం నింపే పని అనుకోకండి. భోపాల్‌లో ఆ రాత్రి జనానికి దొరకని సమాచారం ఇదే.

ముందు ఏ టూల్ దేనికో తెలుసుకోండి

మందుగుండు లెక్క కోసం అమెరికా రక్షణ శాఖకి టీఆర్‌ఐ-డీడీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. డీడీఎస్ అంటే డేటా డెలివరీ సిస్టమ్. ఏ రకం మందుగుండు, ఎన్ని, ఏ పనికి వాడారు అన్నది మనం ఇస్తాం. ఒక్కోదానిలో ఏ రసాయనం ఎంత ఉందో, కాలిస్తే అందులో ఎంత బయటికొస్తుందో చూసి అది గుణించి, కూడి, పరిమితి దాటిందో లేదో చెబుతుంది. మందుగుండు లోపల ఏముందన్న సమాచారానికి మిడాస్ అనే డేటాబేస్ ఉంది, ఓక్లహామాలోని మెకలెస్టర్‌లో ఉన్న డిఫెన్స్ అమ్యూనిషన్ సెంటర్ వాళ్లది. పేలినప్పుడు గాలిలోకి ఏం వస్తుందన్నది పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రచురించే ఏపీ-42 సంకలనం 15వ అధ్యాయంలో దొరుకుతుంది. లెక్క తేలాక ఫారం పంపడానికి టీఆర్‌ఐ-ఎంఈవెబ్ అనే ఈపీఏ వెబ్‌సైట్ వేరే ఉంది. లెక్క కట్టేది ఒకచోట, పంపేది ఇంకోచోట. కొత్తవాళ్లు ఈ రెంటినీ ఒకటే అనుకుని తికమక పడుతుంటారు.

కాల్చినవాటి లెక్క రాబట్టండి

సగానికి పైగా శ్రమ ఇక్కడే. సాఫ్ట్‌వేర్ చేసేది గుణకారం మాత్రమే, మనం తప్పు సంఖ్య ఇస్తే ఆ తప్పునే నాలుగు దశాంశాల దాకా చక్కగా చూపిస్తుంది.

అమెరికా సైన్యంలో ప్రతి మందుగుండు రకానికి డోడిక్ అనే నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. పైన చెప్పిన ఎం855 రౌండ్‌ది ఏ059. మీకు కావాల్సింది జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా డోడిక్ వారీగా ఎన్ని నిజంగా కాల్చారన్న లెక్క. అమ్యూనిషన్ సప్లై పాయింట్ వాళ్లని అడిగితే సాధారణంగా ఇష్యూ చేసిన లెక్క ఇస్తారు. అందులోంచి మిగిలి వెనక్కి వచ్చినవి తీసేయాలి. తీసేశాక వచ్చిన సంఖ్యని రేంజ్ కంట్రోల్ వాళ్ల, అంటే కాల్పులు జరిగే మైదానాన్ని చూసుకునేవాళ్ల, ఫైరింగ్ రికార్డులతో సరిచూడండి. రెండూ అచ్చంగా కలవకపోవచ్చు, కానీ తేడా పెద్దగా ఉంటే కారణం దొరికేదాకా వదలొద్దు. చాలాసార్లు ఆ తేడా బయటి యూనిట్లది. నేషనల్ గార్డ్ వాళ్లో, చుట్టుపక్కల పోలీసులో వాళ్ల తూటాలు వాళ్లే తెచ్చుకుని ఈ రేంజ్‌లో ప్రాక్టీస్ చేసి వెళ్తారు, అవి బేస్ ఇష్యూ రిజిస్టర్‌లో ఎక్కడా కనపడవు. సీసం మాత్రం ఇదే మట్టిలో ఉంటుంది కాబట్టి అదీ లెక్కలోకి రావాల్సిందే.

ఇంకో సంగతి, రౌండ్లని పని వారీగా విడగొట్టి రాసుకోండి. శిక్షణలో కాల్చినవి ఒకవైపు, పాతబడితే బహిరంగంగా తగలబెట్టి గానీ పేల్చి గానీ నాశనం చేసినవి ఇంకోవైపు. రెండింటికీ వెలువడే మోతాదులు వేరు, చట్టం చూసే తీరూ వేరు.

ఏ రసాయనాలు వెతకాలి

పేలుడు పదార్థం పేరు చూసి ఆగిపోతే అసలువి తప్పిపోతాయి. బుల్లెట్‌లో సీసం, రాగి, ఆంటిమొనీ ఉంటాయి. తూటా అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్ ఉంటాయి. డబుల్ బేస్ పౌడర్‌లో నైట్రోగ్లిజరిన్, పౌడర్ పాడవకుండా కలిపే డైఫినైలమీన్, మెత్తదనానికి కలిపే డైబ్యూటైల్ థాలేట్, కొన్ని పొగ బాంబుల్లో హెక్సాక్లోరోఈథేన్ ఉంటాయి. ఇవన్నీ టీఆర్‌ఐ జాబితా పరిధిలోకి వచ్చేవే. ఒకే రసాయనానికి నాలుగు పేర్లుంటాయి కాబట్టి పేరుతో కాకుండా క్యాస్ నంబరుతోనే, అంటే ఒక్కో రసాయనానికి విడిగా ఉండే గుర్తింపు నంబరుతోనే, జాబితాలో వెతకండి. జాబితా మారుతూ ఉంటుంది, అందుకని ఏ ఏడాది రిపోర్ట్‌కి ఆ ఏడాది జాబితానే తెరవండి.

పరిమితి దాటిందా?

మామూలు రసాయనాలకి తయారీ గానీ ప్రాసెసింగ్ గానీ అయితే ఏడాదికి 25,000 పౌండ్లు, ఇతరత్రా వాడకం అయితే 10,000 పౌండ్లు పరిమితి. శరీరంలో, మట్టిలో పేరుకుపోయే రకాలకి ఇది చాలా తక్కువ, సీసానికి 100 పౌండ్లు, పాదరసానికి 10.

సీసం దగ్గర ఒక మెలిక ఉంది. జాబితాలో లోహంగా ఉన్న సీసం ఒకటి, సీసం సమ్మేళనాలు ఇంకొకటి. బుల్లెట్‌లోని సీసాన్ని మొదటిదాంట్లో, ప్రైమర్‌లోని లెడ్ స్టిఫ్నేట్‌ని రెండోదాంట్లో వేసి, రెండింటినీ వందతో విడివిడిగా పోల్చాలి. పరిమితి చూసేటప్పుడు సమ్మేళనం మొత్తం బరువు తీసుకుంటారు. వెలువడినది రాసేటప్పుడు మాత్రం అందులోని సీసం బరువే రాస్తారు, లెడ్ స్టిఫ్నేట్‌లో అది దాదాపు 45 శాతం.

పరిమితి వేరు, వెలువడింది వేరు. ఇది బుర్రకెక్కాలంటే ఎం6 ప్రొపెల్లెంట్‌ని, అంటే గుండుని ముందుకి నెట్టే మందుని, చూడండి. 2012 అక్టోబరులో లూసియానాలోని క్యాంప్ మిండెన్‌లో పేలుడు జరిగాక, అక్కడ ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర కోటిన్నర పౌండ్ల ఎం6 అడ్డదిడ్డంగా నిల్వ ఉందని బయటపడింది. దాన్ని ఆరుబయట తగలబెడతామంటే చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు, గట్టిగా పోరాడి చివరికి మూసిన ఛాంబర్‌లో, పొగని శుద్ధి చేసి కాల్చేలా చేశారు. ఈ ఎం6లో దాదాపు 10 శాతం డైనైట్రోటోలీన్, 3 శాతం డైబ్యూటైల్ థాలేట్ ఉంటాయి. ఇప్పుడు ఒక డిపోకి నాశనం చేయడం కోసం బయటి నుంచి 1,20,000 పౌండ్ల ఎం6 వచ్చిందనుకుందాం. డైనైట్రోటోలీన్ 12,000 పౌండ్లు, అంటే 10,000 దాటింది, రిపోర్ట్ చేయాలి. థాలేట్ 3,600 పౌండ్లే కాబట్టి దానికి అక్కర్లేదు. అలాగని ఫారంలో 12,000 పౌండ్లు గాలిలోకి వదిలామని రాయకూడదు. చాలాభాగం మంటలో విరిగిపోతుంది, అది ఆన్‌సైట్ ట్రీట్‌మెంట్ కింద పడుతుంది. కాలకుండా మిగిలి గాలిలోకో మట్టిలోకో పోయిందే వెలువడిన మోతాదు.

వెలువడింది ఎంత, ఎక్కడికి

లోహాలు కాలిపోవు. సీసాన్ని ఎంత మండించినా సీసమే, రూపం మారుతుందంతే. అందుకని లోహాల లెక్కలో లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ సరిపోవాలి. 30,000 ఎం855 రౌండ్లు కాలిస్తే బుల్లెట్లలోంచే 137 పౌండ్ల సీసం. గాలిలోకి పోయేది అందులో చాలా కొద్ది, మిగతాది టార్గెట్ వెనకున్న మట్టిగట్టులో దిగబడి ఉంటుంది, ఫారంలో అది భూమికి చేరిన సీసం. బుల్లెట్ ట్రాప్‌తో పట్టి రీసైక్లింగ్‌కి పంపిస్తే ఆ బరువుని బయటికి పంపిన వరసలో చూపించాలి. ఒకే సీసాన్ని రెండు చోట్లా రాయొద్దు.

నైట్రోగ్లిజరిన్ లాంటి సేంద్రియ రసాయనాలకి ఏపీ-42 గుణకాలు వాడతారు. ఇవి ఒక్కో ఐటమ్‌కి ఎంత, లేదా లోపలున్న పేలుడు పదార్థం పౌండుకి ఎంత అనే లెక్కలో ఉంటాయి. ఏది వాడుతున్నారో చూసుకోండి, రెండూ కలిపేస్తే జవాబు వందల రెట్లు తేడా వస్తుంది. ఇంకో మాట, గుణకాలు చక్కగా పేలినవాటికి సంబంధించినవి. పేలకుండా పడిపోయిన షెల్, సగం పేలి చీలిపోయిన షెల్ లోపలి మందుని చాలావరకు అలాగే వదిలేస్తాయి. రేంజ్ వాళ్ల దగ్గర పేలని వాటి రికార్డు ఉంటే తప్పకుండా అడిగి తీసుకోండి.

మట్టిలోకి పోయిందేగా అని తేలిగ్గా తీసుకోవద్దు. మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ ప్రాంతపు క్యాంప్ ఎడ్వర్డ్స్ కింద ఉన్న భూగర్భ జలమే అక్కడి జనానికి తాగునీరు. 1997లో ఈపీఏ జోక్యం చేసుకుని అక్కడ సీసం బుల్లెట్లు, పేలుడు పదార్థాలతో శిక్షణ ఆపించాల్సి వచ్చింది.

మినహాయింపుల జోలికి జాగ్రత్తగా వెళ్లండి

మిశ్రమంలో ఒక శాతం కన్నా తక్కువుంటే, క్యాన్సర్ కారకాలైతే 0.1 శాతం కన్నా తక్కువుంటే లెక్కించక్కర్లేదన్న మినహాయింపు ఒకటుంది. సీసం లాంటి పేరుకుపోయే రసాయనాలకి అది వర్తించదు. తయారైన వస్తువు కాబట్టి వదిలేయొచ్చు అనే ఇంకో మినహాయింపు, బేస్ మొత్తం మీద ఆ రసాయనం ఏడాదికి అర పౌండు మించి వెలువడితే చెల్లదు. కాల్చిన తూటాకి అది చెల్లుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

చేత్తో ఒకసారి సరిచూడండి

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబుల్లో పెద్దవి రెండు మూడు తీసుకుని కాగితం మీద వేయండి. సంఖ్య ఇంటూ గ్రెయిన్లు బై 7,000. కిందటేడాది రిపోర్ట్ పక్కన పెట్టి చూడండి. సీసం ఒక్కసారిగా సగానికి పడిపోతే ఏదో డోడిక్ జారిపోయిందా, లేక నిజంగానే సీసం లేని ఎం855ఏ1 రౌండ్‌కి మారారా అన్నది తేల్చుకోవాలి. ఆ రౌండ్‌లో సీసం బదులు రాగి ఉంటుంది కాబట్టి ఈసారి రాగి లెక్క పెరిగి ఉండాలి. అది పెరగకుండా సీసం ఒక్కటే తగ్గిందంటే రిజిస్టర్లు మళ్లీ తిరగేయండి.

ఫారం నింపి పంపడం

ఒక్కో రసాయనానికి ఒక్కో ఫారం ఆర్. గాలి, నీరు, భూమి, బయటికి పంపినది అని విడివిడిగా రాసి, ప్రతి సంఖ్య పక్కన అది కొలిచిందా, ప్రచురిత గుణకంతో వేసిందా, వచ్చిందీ పోయిందీ చూసి లెక్కగట్టిందా అన్న కోడ్ ఇవ్వాలి. చిన్న మోతాదులకి ఇంతనుంచి ఇంతవరకు అని రేంజ్ కోడ్ వేసే వెసులుబాటు సీసానికి లేదు. గడువు తర్వాతి ఏడాది జులై 1. ఈపీఏకీ రాష్ట్రానికీ రెండింటికీ చేరాలి, బాధ్యత గల పై అధికారి ధ్రువీకరించాలి. ఆ సంతకం పెట్టే ఆయనకి జూన్ చివరి వారంలో కాకుండా ముందే ఒకసారి కూర్చోబెట్టి లెక్క వివరించండి, అడగాల్సినవి అప్పుడే అడుగుతారు.

ఆధారాలు మూడేళ్లు దాచాలని రూల్. డోడిక్ లెక్కలు, వాడిన గుణకాలు, వేసుకున్న అంచనాలు, వాటికి కారణాలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. తర్వాత తప్పు దొరికితే సవరించిన ఫారం పంపొచ్చు, పంపాలి కూడా. ఈ అంకెలు ఈపీఏ సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. బేస్ కంచె అవతల ఇల్లున్న మనిషి టీఆర్‌ఐ ఎక్స్‌ప్లోరర్‌లో తన జిల్లా కొట్టి, సీసం ఎదురుగా మీరు రాసిన పౌండ్లు చదువుతారు.