ఫోన్ హోల్డర్ బోల్టు ఊడిపోతే

రాయగడ నుంచి గుణుపూర్ వెళ్లేసరికి కుదుపులకు బైక్ మీది ఫోన్ హోల్డర్ బోల్టు ఒకటి ఎక్కడో రాలిపోయింది. ఒక్క బోల్టు కోసం కొత్త హోల్డర్ కొనక్కర్లేదు. క్లాంపుకు రెండో వైపున్న జత బోల్టు విప్పి, నట్టుతో సహా హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లండి. ఎక్కువగా ఎం5 లేదా ఎం6 (అంటే 5 లేదా 6 మిల్లీమీటర్ల లావు) ఉంటుంది. పొడవు తల కింది నుంచి కొలవాలి. పాత నట్టును కొత్త బోల్టుకు షాపులోనే చేత్తో తిప్పి చూడండి; నాలుగు చుట్లు సాఫీగా ఎక్కాలి. స్టెయిన్‌లెస్ స్టీలుదే అడగండి, మన వానలకు మామూలుది తుప్పు పట్టేస్తుంది. వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) కూడా వేస్తే మళ్లీ అంత తేలిగ్గా వదులవదు. బిగించాక బోల్టు మర రెండు చుట్లు నట్టు బయటికి కనిపించాలి.

క్రాష్ గార్డుకు మాత్రం ఇలా చేయొద్దు. పాత బోల్టు తల మీద 8.8 అని (అది బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఉంటే, ఆ అంకె ఉన్నదే వేయాలి.